మా బావ బరువు

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నా ఒళ్ళు ఒక్క పిసరు కూడా మారలేదని మా ఆఫీసులో అందరికీ చెప్పుకునేదాన్ని. ఊరికే చెప్పడం కాదు, సాక్ష్యం కూడా చూపించేదాన్ని. నా నల్లకోటు. కొత్తలో మా బావ కుట్టిచ్చిన కోటు అది. ఏటా చలికాలం రాగానే బయటికి తీస్తాను, తొడుక్కుంటాను, గుండీలు కిక్కురుమనకుండా పడతాయి. "చూశారుగా, అదే కోటు, అదే మనిషి" అంటూ బల్లల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చేదాన్ని. నా పక్క సీటావిడ ఆ పూట మిఠాయి ముట్టేది కాదు.

ఒకసారి ఆ కోటు లోపలి గుడ్డ చిరిగింది. ఈపాటి దానికి బావ దాకా ఎందుకులే అని నేనే సూదీదారం పట్టుకుని కూర్చున్నాను. లోపల చూద్దును కదా, పక్కకుట్టు పొడవునా పాత కుట్లు విప్పిన చిల్లులు. ఒక వరస పక్కన ఇంకో వరస, దాని పక్కన మరొకటి. ఏటా చలికి ముందు "ఇలా పడెయ్, ఇస్త్రీ చేసిస్తాను" అని పట్టుకెళ్ళి, గుట్టుచప్పుడు కాకుండా కాస్త కాస్త వదులు చేసి తెచ్చిచ్చేవాడన్నమాట. నాతోపాటు నా కోటూ ఒళ్ళు చేస్తూ వచ్చింది.

కొట్టుకి వెళ్ళి నిలదీశాను.

"నేనేం చేశానే మరదలా? ఉన్నిగుడ్డ కదా, వేసుకోగా వేసుకోగా సాగుతుంది" అన్నాడు, నోట్లోంచి గుండుసూదులు తియ్యకుండానే. పక్కన కాజాలు కుడుతున్న మా అక్క తల ఎత్తకుండా నవ్వింది. ఆ సంగతి ఆఫీసులో ఇప్పటికీ చెప్పలేదు. ఇకముందు కూడా చెప్పను.

మా బావ దర్జీ. కొత్తబట్టలు కుట్టేది తక్కువ, పాతవి సరిచేసేది ఎక్కువ. వీధి మలుపులో, చెప్పులు బాగుచేసేవాడికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న గది ఆయన కొట్టు. ఒకటే కిటికీ. కిటికీ కింద మిషను, దాని పక్కన ఇస్త్రీబల్ల, తలుపు వెనక నిలువుటద్దం. ఆ అద్దాన్ని గోడకి సమంగా బిగించకుండా, పైభాగం కాస్త వెనక్కి వాలేట్టు పెట్టాడు. అందులో ఎవరు చూసుకున్నా కొంచెం పొడుగ్గా, కొంచెం సన్నగా కనిపిస్తారు. కొలతలు తీసేటప్పుడు అంకెలు పైకి చదవడు. టేపు నడుం చుట్టూ తిప్పి "ఊఁ" అంటాడు, అంతే. ప్యాంటు బిగువైందని వచ్చినవాడితో "ఉతుకుడికి ముడుచుకుంది" అంటాడు. వదులైందని వచ్చినవాడితో "నాసిరకం గుడ్డ, జారిపోయింది" అంటాడు. తప్పు ఎప్పుడూ గుడ్డదే.

"మనిషి ఒంటి సంగతి మనిషికి చెప్పడానికి అద్దం ఉంది, పెళ్ళాం ఉంది, ఆఖరికి డాక్టరున్నాడు. మధ్యలో దర్జీ కూడా ఎందుకు?" అనేవాడు.

ఆ ఆఖరి వంతు ఆయనకే వచ్చింది.

కడుపులో గడ్డ. కోసి తీసేద్దామని లోపలికి వెళ్ళిన డాక్టర్లు, అది అప్పటికే చుట్టుపక్కలకి పాకిందని చూసి, ఏమీ తియ్యకుండా మూసేశారు. కట్టు విప్పిన రోజు బావ చొక్కా ఎత్తి గాయం మాకు చూపించాడు. "కుట్టు ఫర్వాలేదు, వరస తిన్నగా ఉంది. కాకపోతే లోపల పని చెయ్యకుండానే మూసి పంపించారు. నా కొట్లో ఎవడైనా అలా చేస్తే చెవి మెలేసేవాణ్ణి." అక్క నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ఆ నీళ్ళు చాలాసేపు పోతూనే ఉన్నాయి.

తర్వాత క్యాన్సరు డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి ట్రయల్ సంగతి చెప్పింది. ఆవిడ మాట మెత్తన, కానీ అబద్ధం ఆడదు. అదే కష్టం ఆవిడతో.

"మామూలు కీమో అందరికీ ఇస్తాం. దానికి తోడు ఒక కొత్త మందుని పరీక్షిస్తున్నాం. సగం మందికి అది పడుతుంది, మిగతా సగానికి దాని బదులు ఉత్త సెలైన్. ఎవరికి ఏదో కంప్యూటరు తేలుస్తుంది. మీకూ తెలియదు, నాకూ తెలియదు."

"మీకే తెలియకుండా ఎక్కిస్తారా డాక్టరుగారూ?" అంది అక్క.

"తెలిస్తే మా కళ్ళే మమ్మల్ని మోసం చేస్తాయమ్మా. కొత్త మందు పడిన మనిషిలో లేని మేలు కూడా కనిపిస్తుంది."

బావ తల ఊపాడు. "నిజమే. మనం కుట్టిన కోటు మన కంటికెప్పుడూ బాగానే ఉంటుంది." మళ్ళీ తనే అడిగాడు. "నాకు పనిచేస్తుందంటారా?"

"తెలియదండీ. తెలిస్తే పరీక్షే అక్కర్లేదు. మామూలు మందుతో మీ జబ్బు కొంతకాలం ఆగుతుంది. ఇది కూడా తోడైతే ఇంకాస్త ఎక్కువ కాలం ఆగుతుందేమోనని మా ఆశ. పూర్తిగా పోతుందని మాత్రం అనుకోవద్దు." ఇంటికెళ్ళి ఆలోచించుకోమంది, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చంది. లేవబోతుంటే మళ్ళీ పిలిచింది. "ఒక్కమాట. మీ బరువు. ఇంతకన్నా బాగా తగ్గితే మిమ్మల్ని తీసుకోలేం. మొదలుపెట్టే రోజు తూకం చూస్తాం, ఆ తర్వాత కూడా ప్రతిసారీ చూస్తాం. తినండి."

ఆవిడ చెప్పిన అన్నిట్లోకీ మా బావ చెవికెక్కింది ఆ ఒక్కమాటే.

ఇంటికొచ్చాక అక్క యుద్ధం మొదలుపెట్టింది. గుడ్లు, పాలు, చిక్కటి సూపులు. ఆయన కొట్లో మిషను ముందే కూర్చుని తింటానని గిన్నె పట్టుకెళ్ళేవాడు, ఖాళీ గిన్నె తెచ్చిచ్చేవాడు. "చూడవే చెల్లీ, మీ బావ ఒళ్ళు నిలబడింది. ప్యాంటు చూడు, నడుం దగ్గర వేలు పట్టదు" అని అక్క నాకు చూపించేది. మందుల షాపాయనకీ చెప్పింది, చెప్పులవాడికీ చెప్పింది. ఆ రోజుల్లో మా వీధిలో తిరిగే పిల్లి కూడా బాగా బలిసింది. ఈ రెండు సంగతుల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

మొదటి రోజు ఆసుపత్రికి తోడు ఎవరు వెళ్ళాలన్న మాట వచ్చింది. అక్క చెప్పులు వేసుకుంటోంది.

"నువ్వొద్దు. కొట్టు మూస్తే వచ్చేవాళ్ళు వెనక్కి పోతారు. మరదల్ని తీసుకెళ్తా" అన్నాడు బావ.

నాకు గర్వంతో ఛాతీ పొంగింది. ఆ నల్లకోటుకి కూడా అంత పొంగు కుదిరేది కాదు. ఆఫీసులో సెలవడుగుతూ "మా బావకి నేను పక్కనుంటేనే ధైర్యమండీ" అని మా పెద్దాఫీసరుకి చెప్పాను. అసలు కారణం నాకు తర్వాత తెలిసింది. ఎవరైనా చొక్కా తిరగేసి వేసుకొచ్చినా నేను గమనించను. ఆయనకి కావలసింది అలాంటి కళ్ళే.

బయట చలి అంతగా లేదు. అయినా బావ దళసరి కోటు వేసుకొచ్చాడు. తూకం చూసే గదిలో ఒక అమ్మాయి ఉంది. ట్రయల్లో చేరినవాళ్ళని ఏం తిన్నారు, ఎలా నిద్రపోయారు, ఎక్కడ నొప్పి అని అడిగి రాసుకోవడం ఆ పిల్ల పని. బావ రాగానే ఆమెకి ప్రశ్నల పాప అని పేరు పెట్టేశాడు.

"కోటు తీసేసి ఎక్కండి బాబాయ్" అంది.

బావ అటూ ఇటూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు. "చొక్కా వీపు మీద చిరిగిందమ్మా. నేను దర్జీని. చూశారంటే పరువు పోతుంది."

ఆ పిల్ల పకపకా నవ్వింది. "సరే, కోటుకని కొంచెం తీసేసి రాసుకుంటాలెండి" అంది. తూకం మిషను మీద అంకె వచ్చింది. డాక్టరమ్మ చెప్పిన హద్దుకి పైనే ఉన్నాడు. బావ కళ్ళు మూసుకుని తెరిచాడు. మా అక్క ఈయన్ని చిరిగిన చొక్కాతో ఎలా పంపించిందా అని నాకు ఆశ్చర్యం వేసింది. వేసి, అక్కడితో ఆగింది.

కీమో ఎక్కించే హాలులో వరసగా వాలు కుర్చీలు. ప్రతి కుర్చీ పక్కనా ఒక స్టాండు, ప్రతి స్టాండుకీ వేలాడే సంచులు. ఎవరూ ఎవరివంకా తిన్నగా చూడరు. పక్క కుర్చీలో ఒకావిడ తలకి రుమాలు కట్టుకుని, ఒళ్ళో దారపుండ పెట్టుకుని ఏదో అల్లుతోంది. బావ ఆమె చేతివేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

సూది గుచ్చే నర్సు వచ్చి ఆయన మోచెయ్యి తట్టింది. "నరం దొరకట్లేదు తాతా, గుప్పిట బిగించండి."

"తాతేమిటమ్మా! పక్కన మరదల్ని కూర్చోబెట్టుకుని వచ్చాను, కాస్త మర్యాద ఉంచు. గుడ్డ పాతది, చూసి పొడువు."

"నేను పొడిస్తే తెలియనే తెలియదు."

"ఆ మాట నేనూ అందరికీ చెప్తాను" అన్నాడు. సూది దిగినప్పుడు పెదవి కొరుక్కున్నాడు.

ముందు వాంతులు రాకుండా ఒకటి ఎక్కించారు. తర్వాత అసలు కీమో. చివర్లో గోధుమరంగు తొడుగు వేసిన ఒక సంచి తెచ్చి తగిలించారు. లోపలిది పైకి కనపడకూడదని ఆ తొడుగు. కొత్త మందో, ఉప్పునీళ్ళో. బావ దాన్ని చాలాసేపు చూశాడు.

"ఏమంటావే? మందా, నీళ్ళా?"

నేను గొట్టంలో చుక్క పడే చోట కళ్ళు పెట్టి చూశాను. "మందే బావా. చుక్క చిక్కగా ఉంది."

"నీ కళ్ళ సంగతి నాకు తెలుసులే" అన్నాడు. నవ్వబోయి మానేశాడు. చెయ్యి కదపకుండా తల మాత్రం నా వైపు తిప్పాడు. "మందే అవ్వాలే. నాకు ఇంకొంచెం కాలం కావాలి. మీ అక్కకి కాజాలు వచ్చు, అంచులు వచ్చు, జిప్పు మార్చడం వచ్చు. కోటు భుజం పెట్టడం రాదు. భుజం రానిదే కొట్టు నిలవదు. ఎప్పటికప్పుడు నేర్పుదాంలే అనుకుంటూ వచ్చాను."

ఆయన కాళ్ళ మీది దుప్పటి సర్దాను. సర్దాల్సింది ఏమీ లేదు, సరిగ్గానే ఉంది.

ఆ మందు ఆయన్ని పట్టి కుదిపేసింది. నోరు పూసింది. మంచం మీంచి లేస్తే గోడ పట్టుకోవాలి. అన్నిటికన్నా వింత ఏమిటంటే, చల్లటి వస్తువు ఏది ముట్టుకున్నా వేళ్ళలో కరెంటు కొట్టినట్టయ్యేది. కత్తెర ముట్టుకోలేకపోయాడు. మా అక్క పాత గుడ్డపీలికలు తీసుకుని కత్తెర చేతి రింగులకి చుట్టి కుట్టింది. చంటిపిల్లకి మేజోళ్ళు తొడిగినట్టుంది ఆ కత్తెర. ఆ కరెంటు పోయాక వేళ్ళలో తిమ్మిరి మిగిలింది. వేళ్ళ కొసలు వేరేవాళ్ళవి అయినట్టు అయిపోయాయి.

ఒక పగలు నేను కొట్టుకి వెళ్ళేసరికి ఆయన ఒక తెల్లచొక్కా కాలరు తిప్పి కుడుతున్నాడు. కాలరు మీద ఎర్రటి చుక్కలు.

"బావా, రక్తం."

చొక్కాని కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు. వేలు కూడా చూసుకున్నాడు. సూది ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకి తెలియలేదు. "ఇది గుడ్డలోనే ఉన్న పువ్వు" అన్నాడు. గుడ్డ మీద నేరం మోపడం అదే ఆఖరు.

ప్రశ్నల పాప ఫోను చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా బాబాయ్?" అని ఆ పిల్ల గొంతు నాకు వినపడింది. "లేదమ్మా, సూదిలో దారం ఎక్కిస్తున్నానిప్పుడే" అన్నాడు. దారమూ లేదు, సూదీ లేదు. నేను కనుబొమలు ఎగరేస్తే, నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "చెప్తే తీసేస్తారే" అన్నాడు ఫోను పెట్టేశాక. నాకు అప్పటికి అంతే అర్థమైంది. పాపం, జబ్బు మనిషి, భయం అనుకున్నాను.

రెండో విడత ఎక్కించే రోజు వచ్చింది. మళ్ళీ నేనే తోడు. ఆ దళసరి కోటే. బస్సు దిగేటప్పుడు ఆయన చంక కింద చెయ్యి వేశాను. మనిషి ఇలా నడవలేకపోతున్నా బరువుగానే ఉన్నాడులే, ఫర్వాలేదు అనుకున్నాను. అలాంటి తెలివి నాది.

"ఇవాళైనా చొక్కా కుట్టుకున్నారా బాబాయ్?" అంది ప్రశ్నల పాప.

"మన గాయానికి మనం కుట్టేసుకోలేం కదమ్మా, ఇదీ అంతే" అని మిషను ఎక్కాడు.

టక్ మని చప్పుడైంది.

ఏదో గుండ్రటిది నేల మీద దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుకి తగిలి ఆగింది. ఎంతో సాయం చేస్తున్నదానిలా నేను వెంటనే వంగి తీశాను. "బావా, నీ కోటు గుండీ!" అన్నాను, గదంతా వినపడేట్టు. ఇంకోటి పడింది. టక్. "ఇదిగో ఇంకోటి." మోకాళ్ళ మీద కూలబడి బల్ల కిందికి దూరాను. టక్, టక్. చేతిలో ఉన్నవి గుండీలకి లేని బరువున్నాయి. తల ఎత్తి చూస్తే, ఒక్కో చప్పుడుకీ మిషను మీది అంకె కొద్దికొద్దిగా దిగుతోంది.

అవి సీసం బిళ్ళలు. కర్టెన్లు గాలికి ఎగరకుండా నిండుగా వేలాడాలని కింది అంచులో పెట్టి కుడతారే, అవి. మా బావ వాటిని కోటు అంచు పొడవునా, లోపలి జేబుల అడుగున, చంకల కింద వరసగా కుట్టుకున్నాడు. మొదటిసారి కుట్టినవి గట్టిగానే ఉన్నాయి. ఈసారి ఒళ్ళు ఇంకా తగ్గిందని మరికొన్ని చేర్చాడు. వాటిని కుట్టింది తిమ్మిరెక్కిన వేళ్ళు.

ప్రశ్నల పాప రాయడం ఆపేసింది. మా బావ ఆమె వంక చూడలేదు, నా వంకా చూడలేదు. మిషను మీద నిలబడే వంగి, విడిపోయిన కోటు అంచు పట్టుకుని చూస్తున్నాడు.

"కుట్టు ఊడింది" అన్నాడు. "నా కుట్టు ఊడిందే."

పుట్టి బుద్ధెరిగాక ఆయన కుట్టు ఊడటం అదే మొదలు. ఆ గదిలో అంతకన్నా పెద్ద సంగతి ఇంకేదో జరిగిందని ఆయనకి తట్టినట్టు లేదు.

డాక్టరమ్మ వచ్చింది. కోటు తీయించింది. లోపల చొక్కా ఎక్కడా చిరగలేదు. ఒంటికి అతికినట్టుంది, ప్యాంటూ అంతే. ఆవిడ పరీక్షకని చొక్కా విప్పించినప్పుడు కదా నేను చూశాను. ఆ చొక్కా ఎవరి ఒంటికి అతికిందో ఆ ఒళ్ళు చూశాను. పక్కటెముకలు ఎంచుకోవచ్చు. కుర్చీ మీద తిరగేసి పడున్న చొక్కా లోపల, పక్కకుట్టు దగ్గర, గుడ్డ మడత మీద మడత పేరుకుని ఉంది. ఒక కుట్టు పక్కన ఇంకో కుట్టు. నా కోటులో బయటికి నడిచిన కుట్లు ఈయన చొక్కాలో లోపలికి నడిచాయి. ఒళ్ళు తగ్గినప్పుడల్లా కొట్లో కూర్చుని తన బట్టలు తనే చిన్నవి చేసుకున్నాడు. మా అక్క కళ్ళ ముందే.

డాక్టరమ్మ కేకలు వెయ్యలేదు. కేకలేసినా బాగుండేది.

"ఎందుకు చేశారో నాకు అర్థమైంది. కానీ మీ మందు మీ ఎత్తూ బరువూ చూసి కలుపుతామండీ. మీ ఒంట్లో లేని బరువుకి కూడా మందు పోశాం. మొన్నటి పరీక్షలో మీ రక్తంలో కణాలు మరీ పడిపోయి ఉన్నాయి. ఇది కొత్త మందు వల్లేనేమో, మిగతావాళ్ళకి కూడా తగ్గించాలేమో అని నిన్ననే మేం మాట్లాడుకున్నాం."

బావ చొక్కా గుండీలు పెట్టుకోబోతున్నాడు. కాజా దొరకట్లేదు. చేతులు ఆగిపోయాయి.

"అంటే... నా దొంగ కొలతతో వాళ్ళకి కత్తిరించేవారా?"

"మీ ఒక్కరితోనే తేల్చం. కానీ మీదీ లెక్కలోకి వస్తుంది కదా."

"అయితే నన్ను తీసెయ్యండి" అన్నాడు.

"మీరు అడగక్కర్లేదండీ. తియ్యక నాకు తప్పదు." ఆవిడ గొంతు ఇంకా మెత్తబడింది. "మామూలు మందు ఇస్తాను. కణాలు కోలుకున్నాక, తక్కువ డోసులో, మీ ఒళ్ళు ఒప్పుకున్నంత కాలం. మీ వైద్యం ఆగదు. ట్రయల్ మాత్రం ఇక లేదు."

"నాకు పడింది మందో నీళ్ళో ఇప్పుడైనా చెప్తారా?"

"అందరిదీ పూర్తయ్యాక చెప్తాం."

"అప్పటికి నేనుంటానా?"

అబద్ధమాడని మనిషి అని చెప్పాను కదా. ఆవిడ ఆయన చొక్కా పై గుండీ అందుకుని కాజాలో పెట్టింది. ఆ తర్వాతది కూడా పెట్టింది.

బయటికొచ్చాక బావ నన్ను బిళ్ళలు ఎంచమన్నాడు. "ఒక్కటి కూడా పోకూడదే. మూలింటావిడ కర్టెన్లవి. ఆవిడ రోజూ అడుగుతోంది." నేను ఏడుస్తూ నవ్వుతూ హ్యాండుబ్యాగు బోర్లించి ఎంచాను. బస్సులో ఆ బ్యాగు నా భుజానికి వేలాడుతోంది. దాని పట్టీ నా భుజాన్ని కోస్తోంది. ఈ బరువంతా మోసుకుని మెట్లెక్కాడా ఈయన, అనుకున్నాను.

మా అక్కకి ఆయనే చెప్పాడు. నన్ను చెప్పనివ్వలేదు. కొట్టు తలుపు దగ్గరికి వేసి, ముందు కోటు విప్పాడు, తర్వాత చొక్కా విప్పాడు. విప్పి, కిటికీ ముందు నిలబడ్డాడు. ట్రయల్ పోయిందన్నాడు.

అక్క మిషను తొక్కడం ఆపింది. చూసింది. ఆయన మీద అక్కకి కోపం వస్తుందనుకున్నాను, లేదా ట్రయల్ పోయిందని గుండె బాదుకుంటుందనుకున్నాను. రెండూ కాదు.

"నేను మందుల షాపాయనతో చెప్పానండీ" అంది. "ఒళ్ళు నిలబడిందని చెప్పాను. చెప్పులబ్బాయికి చెప్పాను. మా ఆయన బాగవుతున్నాడని వీధంతా చెప్పుకుని తిరిగాను. రోజూ సంతోషంగా పడుకున్నాను. ఏం మనిషండీ మీరు? అందరి బట్టలూ కత్తిరిస్తారు సరే, నేను ఏడవాల్సిన రోజులు కూడా కత్తిరించేస్తారా?"

"నువ్వు చూస్తే తట్టుకోలేవని..."

"నేను తట్టుకోలేనా, మీరా?"

అక్క లేచి వచ్చి ఆయన ముందు నిలబడింది. ఎముకల మీద అరచెయ్యి వేసి, భుజం నుంచి కిందిదాకా మెల్లిగా తడిమింది, కొత్తగా వచ్చిన గుడ్డ నాణ్యం చూసినట్టు. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. ఎవరు ముందు మొదలుపెట్టారో నాకు తెలియదు. నేను తలుపు తీసుకుని బయటికొచ్చి, చెప్పులబ్బాయి దగ్గర కూర్చుని, బాగానే ఉన్న నా చెప్పు ఇచ్చి కుట్టమన్నాను.

ఆ తర్వాత ఆసుపత్రికి తోడు వెళ్ళడం మా అక్క వంతైంది. తూకం మిషను దగ్గర అంకెని అక్కే పైకి చదివేదట. మా బావ సిగ్గుపడి, "కాస్త మెల్లిగా చెప్పవే" అనేవాడట. ఆ అంకె ఏ ఒక్కసారీ పైకి పోలేదు. మామూలు మందుతో ఎండలు ముదిరేదాకా ఉన్నాడు. అంతకు మించి ఉండలేదు.

కానీ ఆ మధ్యలో కోటు భుజం నేర్పాడు. వేళ్ళతో చేసి చూపించలేడు కాబట్టి నోటితో చెప్పాల్సి వచ్చింది. ఎన్నడూ పైకి పలకని మనిషి అంకెలు పలకడం నేర్చుకున్నాడు. నేర్చుకోవడానికి అక్క కుట్టే కోటు ఎవరికో కాదు, తనకే. కొలతకి మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉంటాడని. ఒక మధ్యాహ్నం నేను గుండుసూదులు పట్టుకుని పక్కనున్నాను. మొన్న సరిగ్గా కుదిరిన భుజం ఆ రోజు చేతి మీదికి వాలిపోయి ఉంది.

"నేనే తప్పు పెట్టానండీ, భుజం జారింది" అంది అక్క.

"నువ్వు సరిగ్గానే పెట్టావు. జారింది నేను. విప్పి మళ్ళీ కొలువు."

ఎక్కువసేపు నిలబడలేడని స్టూలు మీద కూర్చోబెట్టి, అక్క కుట్లు విప్పింది. టేపు తీసింది. మెడ పక్కన ఒక చివర ఆన్చి, భుజం కొస దాకా లాగింది. అంకె చదివింది.

"వినపడలేదు" అన్నాడు బావ. "మళ్ళీ చెప్పు."

ఆవిడ టేపు తియ్యకుండా, వంగి, ఇంకొంచెం గట్టిగా చెప్పింది.